కుళ్లాయప్ప పది వేళ్లు

గొర్రెపిల్లకు చెవి కోయడంలో కత్తి పని తక్కువ, నమ్మించే పని ఎక్కువ. పిల్లను ఒళ్లో వేసుకోవాలి. మెడ కింద గోకాలి. చెవిని రెండు వేళ్ల మధ్య పెట్టి మెల్లగా నలుపుతా ఉంటే కాసేపటికి అది ఒళ్లు వదిలేస్తుంది, కండ్లు మూస్తుంది. కోయాల్సింది అప్పుడు. బిగబట్టుకున్న చెవి వంకరగా తెగుతుంది. వంకర గుర్తు రేపు మందలో తగువు తెస్తుంది.

ఇది కుళ్లాయప్పకు వాళ్ల నాయన నేర్పిన విద్య. అందుకే ఆ రోజు స్టేషన్లో కానిస్టేబులు అతని చెయ్యి పట్టుకుని, "ఏలు బిగబట్టగాకు. వదిలెయ్. నువ్వు తిప్పగాకు, నేను తిప్పుతా" అంటూ ఒక్కో వేలినీ సిరా పలక మీదా ఆనక కాగితం మీదా దొర్లిస్తుంటే, తనకేం జరుగుతోందో అతనికి ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. గుర్తు పెడుతున్నారు.

"సార్, ఇది పోతాదా?" అని మాత్రం అడిగినాడు.

"సబ్బు పెట్టి కడుక్కో, పోతాది" అన్నాడు కానిస్టేబులు.

వేళ్ల మీద సిరా పోయింది. కాగితం మీదది పోగొట్టుకోవడానికి పట్టిన కాలం కథ ఇది.

కుళ్లాయప్పది రామగిరి పక్క మెట్ట పల్లె. ఊరి బయట నిలబడితే మూతబడిన బంగారు గనుల మన్ను దిబ్బలు కనిపిస్తాయి. భూమి లోపల్నుంచి బంగారం తీసుకుపోయినవాళ్లు దుమ్మును మాత్రం ఊరికి వదిలిపెట్టి పోయినారు. పేరు గూగూడు పీర్లస్వామిది. పీర్ల పండగకు మొక్కుకుంటే పుట్టినవాడు. ఈ సీమలో హిందువుల ఇండ్లలో కుళ్లాయప్పలూ కుళ్లాయమ్మలూ ఎంతమందో. దేవుళ్ల మధ్య గోడలు కట్టాలని చూసేవాళ్లు ఒకసారి ఇక్కడి ఓటర్ల జాబితా చదువుకుంటే బాగుంటుంది. సరే, అది వేరే దారి. మళ్లీ మంద దగ్గరికి వద్దాం.

శనక్కాయ పీకుళ్లు అయినాక ఊళ్లో మేత ఉండదు. కుళ్లాయప్పా భార్య ఈరక్కా మందను తోలుకుని ధర్మవరం దాటి తాడిమర్రి వైపు పోతారు. ఆ పక్క రైతులు వీళ్ల కోసం ఎదురుచూస్తుంటారు. రాత్రిపూట చేను నడుమ వల కట్టి మందను ఆపితే, ఆ పెంటికలూ ఉచ్చా కలిసి నేలకిచ్చే బలం ఏ ఎరువు మూటా ఇవ్వదు. రైతు వీళ్లకు తిండిగింజలు ఇస్తాడు, తాగే నీళ్లు ఇస్తాడు. వారం తిరిగేసరికి పక్క చేను వాడు పిలుస్తాడు. తొలకరి దాకా ఇట్లా చేను నుంచి చేనుకు.

చూడడానికి తేలిగ్గా ఉంటుంది కానీ, ముక్కూమొగం తెలియని మనిషిని తెల్లారేదాకా తన చేను నడుమ పడుకోనిచ్చే ఏర్పాటు ఇది. పక్కనే మోటారు ఉంటుంది, దాని రాగి తీగ ఉంటుంది, కొట్టంలో మేకలుంటాయి. రాతకోతలు ఉండవు. మొగం చూసి నమ్మడమే. ఆ నమ్మకం లేకపోతే గొర్లోడు ఎండాకాలంలో మందను ఎక్కడికీ తోలలేడు. తోలకపోతే మంద చస్తుంది.

ఈరక్కది పరిగి పక్క. మామూలుగా మాట్లాడితే సగం కన్నడం, కోపమొస్తే మొత్తం కన్నడం. పెండ్లినాడు వాళ్ల నాయన అరణంగా ఆడగొర్లను తోలి పంపినాడు. అరణం గొర్లు ఆడబిడ్డ సొంతం. మొగుడు మేపుతాడు, అంతవరకే. వాటి చెవుల మీద పుట్టింటి గుర్తు ఉంటుంది: ఎడమ చెవి కొన చీలిక, కుడి చెవి కింది అంచున నెలవంక. దాన్ని చెరపరు. వాటికి పుట్టిన పిల్లలకు కూడా అదే గుర్తు కోస్తారు, పుట్టింటి చల్లదనం మంద మీద ఉండాలని. అట్లా కుళ్లాయప్ప మందలో ఎప్పుడూ రెండు గుర్తులు, ఒకటి తన నాయనది, ఇంకొకటి మామది.

మామ పోయినాక ఈరక్క పరిగి పోయి చేనులో తన పాలు అడిగింది. తమ్ముడు దాసప్ప, "అరణం తోలుకుపోయినావు గదక్కా, ఇంగేం పాలు?" అన్నాడు. మాటలు నిలిచిపోయినాయి. ఆ ఏడే దాసప్ప దొడ్లో గొర్లు పోయినాయి. నిజంగానే పోయినాయి. ఎవరో టెంపోలో ఎక్కించుకుని రాష్ట్రం దాటించినారు. దాసప్ప ఫిర్యాదు ఇచ్చి చెవి గుర్తు రాయించినాడు. ఎవరి పేరూ చెప్పలేదు.

తర్వాతి సంతలో కుళ్లాయప్ప రెండు పొట్టేళ్లు అమ్మడానికి నిలబెట్టుకుని ఉన్నాడు. ఈరక్క గొర్లకు పుట్టినవి. ఎస్.ఐ. వచ్చి చెవులు పైకెత్తి చూసినాడు.

"ఈ గుర్తు ఎవురిది రా?"

"మా బామ్మర్ది దాసప్పోళ్లది సార్."

"పరిగి దాసప్పదేనా?"

"ఆయప్పదే. వాళ్ల తాతల నాటిది సార్. ఇంగెవురూ ఆ కోత కోయరు."

ఎస్.ఐ. వెనక్కి తిరిగి, "రాసుకో. ఒప్పుకున్నాడు" అన్నాడు.

గుర్తు ఎవరిదని అడిగినారు, ఎవరిదో చెప్పినాడు. గొర్లు ఎవరివని అడిగి ఉంటే మా ఆడామెవి అని చెప్పేవాడు. ఆ ప్రశ్న ఎవరికీ తోచలేదు. గొర్లోడు పొట్టేలు వయసు గురించి అబద్ధమాడతాడు, జబ్బు గురించి ఆడతాడు, గుర్తు గురించి మాత్రం ఆడడు. ఆ ఒక్క నిజాయితీ అతన్ని జీపు ఎక్కించింది.

దాసప్పను స్టేషన్‌కు పిలిపించినారు. పొట్టేళ్లను చూసి, "గుర్తు మాదే సార్" అన్నాడు. బావ మొగం చూడలేదు.

"దాసప్పా, అరణం సంగతి చెప్పప్పా సార్‌కు!" అని లోపల్నుంచి అరిచినాడు కుళ్లాయప్ప.

"అది ఇంటి యవ్వారం గదా బావా. సార్‌కు ఎందుకు?" అన్నాడు దాసప్ప.

కుళ్లాయప్ప తలగుడ్డ విప్పించి, ఛాతీ మీద పలక పెట్టించి ఫొటో తీసినారు. పది వేళ్లూ తీసుకున్నారు. మందలో ఆ గుర్తు ఉన్న గొర్లన్నింటినీ పట్టుకొచ్చి, కేసు తేలేదాకా మేపమని ఫిర్యాదుదారుకే అప్పజెప్పినారు, అంటే దాసప్పకే. జైలు నుంచి బెయిలు మీద వచ్చి చూస్తే దొడ్డి సగం ఖాళీ.

కేసు హిందూపురం కోర్టులో. వకీలు ఎస్తేరు. పెనుకొండలో కొండ కింద రెండు గదుల ఇంట్లో ఉండేది. పుట్టింది పరిగి. ఆమెకు కేసు మొత్తం అర్థం కావడానికి ఈరక్క నోట అరణం అన్న ఒక్క మాట చాలింది. అది కోర్టుకు అర్థం కావడానికి మాత్రం నాలుగు ఎండాకాలాలు పట్టింది, మధ్యలో కరోనా ఒకటి. దాసప్ప బోను ఎక్కిన రోజున ఆమె పెద్దగా ఏమీ అడగలేదు.

"మీ ఇండ్లలో ఆడబిడ్డకు గొర్లు ఇస్తారా?"

"ఇస్తారు."

"చెవి గుర్తు మారుస్తారా?"

"యాడన్నా మారుస్తారామ్మా? పుట్టింటి గుర్తు. చెరపగూడదు."

"వాటి పిల్లలకు?"

"అదే గుర్తు."

"మీ అక్కకు ఇచ్చినారా?"

దాసప్ప అటూ ఇటూ చూసినాడు. "ఇచ్చినాము" అన్నాడు. అతను కూడా గొర్లోడే. బోనులో నిలబెట్టి గుర్తు గురించి అడిగితే అబద్ధం నోటికి రాలేదు. స్టేషన్లో ఈ మాట చెప్పి ఉంటే అంతా అక్కడే తేలిపోయేది. అక్కడ ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

కేసు కొట్టేసినారు. గొర్లు తిరిగి వచ్చినాయి, అన్నీ కాదు. వచ్చినవాటిలో ముసలివే ఎక్కువ. ఆ రోజు ఈరక్క బ్లేడు తీసుకుని దొడ్డిలో కూర్చుంది.

"ఏం చేస్తాండావు మే?"

"కనపల్లేదా? చెవులు కోస్తాండా."

"పుట్టింటి గుర్తు మే అది."

"ఆ గుర్తు నీకు బేడీలు ఏసింది. నా మంద మీద ఉండేదానికి దానికి యోగ్యత ల్యా." చీలిన చెవి కొనను ఇంకా పైకి కోసేసింది. నెలవంకను వెడల్పు చేసి కుళ్లాయప్ప నాయన గుర్తులోకి కలిపేసింది. గొర్లు బిగబట్టుకున్నాయి. ఆమె నమ్మించడానికి ఆగలేదు. చేతుల నిండా నెత్తురు. ఏడుస్తుందేమో అనుకున్నాడు, ఏడవలేదు. కన్నడంలో తమ్ముణ్ని తిడుతూ సాయంత్రం దాకా కోసింది.

కథ అక్కడితో అయిపోయిందనే ఇద్దరూ అనుకున్నారు. ఆ ఎండాకాలం మందను తోలుకుని తాడిమర్రి దారి పట్టినారు. మొదటి చేనులో వల కట్టిన సాయంత్రం బీటు కానిస్టేబులు బండి మీద వచ్చినాడు. కొత్తవాళ్లు ఎవరని ఆరా. జేబులోంచి చిన్న మిషను తీసి, "ఏలు పెట్టు" అన్నాడు. కుళ్లాయప్ప పెట్టినాడు. అద్దం మీద అతని మొగమే వచ్చింది, తలగుడ్డ లేకుండా, ఛాతీ మీద పలకతో.

"గొర్రెల దొంగతనమా నాయనా?" అన్నాడు కానిస్టేబులు.

"కొట్టేసినారు సార్. నేను దొంగను కాదని చెప్పినారు."

"దీన్లో అట్ల ల్యాదే."

చేను రైతు పక్కనే నిలబడి ఉన్నాడు. తెల్లారి, "పక్కూర్లో చూసుకోప్పా" అన్నాడు. పక్కూళ్లో అడిగేలోపే కబురు ముందు పోయింది. ఎండలు ముదరకముందే మంద రామగిరికి తిరిగొచ్చింది. గొర్లు కంచెల్లో కంపచెట్లు కొరుక్కుని కొన్ని చచ్చినాయి, కొన్ని ఈడ్చుకుంటూ బతికినాయి.

ఈ వేలిముద్రల విద్య మనకు తెల్లవాళ్లు నేర్పిందే, కానీ వాళ్లు నేర్చుకున్నది మన చేతుల మీదే. బెంగాల్లో ఒక దొర కాంట్రాక్టరు చేత ఒప్పందం కాగితం మీద అరచేయి అద్దించుకున్నాడట, రేపు మాట తప్పకుండా ఉంటాడని. అంటే మొదట అది మాట నిలబెట్టుకోవడానికి పుట్టింది. దొంగల కోసం తర్వాత వాడుకున్నారు. ఆ తర్వాత దొంగ కానివాళ్లకు కూడా.

కుళ్లాయప్ప పెనుకొండలో రైలు దిగి ఎస్తేరు ఇంటికి పోయినాడు.

"అన్నా, ఇది అడుక్కునేది కాదు" అన్నది ఎస్తేరు. "పాత చట్టంలోనూ ఉండాది, కొత్త చట్టంలోనూ ఉండాది. ముందెప్పుడూ శిక్ష పడనోన్ని కోర్టు వదిలేసినాక, అప్పీలు గడువు కూడా తీరినాక, వాని ముద్రలూ ఫొటోలూ నాశనం చెయ్యాల."

"మల్ల చెయ్యలేదేమమ్మా?"

"చెయ్యాల అని రాసుండాది. ఎవురూ కదలరు. మనం పోయి తట్టాల."

"వాటిని నా చేతికి ఇస్తారా? నేనే కాల్చుకుంటా."

ఎస్తేరు నవ్వింది. నిజానికి తెల్లవాళ్ల నాటి చట్టంలో ఆ వెసులుబాటు ఉండేది, కాల్చేయండి లేదా ఆ మనిషి చేతికే ఇచ్చేయండి అని. కొత్త చట్టంలో చేతికిచ్చే మాట లేదు. ఇవ్వడానికి వస్తువూ లేదు. ముద్ర కంప్యూటర్లోకి, అక్కడి నుంచి ఢిల్లీకి పోయింది. డెబ్బై అయిదేండ్లు దాచుకోవచ్చట. కుళ్లాయప్ప మందలో ఏ గొర్రే పదేండ్లు దాటి బతకలేదు. అతనైనా డెబ్బై అయిదు చూస్తాడని ఎవరూ అనుకోరు. మనిషి పోయినాక కూడా అతని వేళ్లు సర్కారు దగ్గర బతికే ఉంటాయి.

అర్జీ వేసినారు. వాయిదాలు పడినాయి. పోలీసుల తరఫున వచ్చిన జవాబులో, నేరం రుజువు కాలేదని సంశయ లబ్ధి కింద మాత్రమే ఇతన్ని వదిలినారనీ, పూర్తిగా మంచివాడని కోర్టు అనలేదనీ ఉంది.

"మంచోన్నని కోర్టు ఎవుర్నన్నా అంటుందామ్మా?" అని అడిగినాడు కుళ్లాయప్ప.

"అనదన్నా. కోర్టు పని అది కాదు."

"మల్ల ఎవురంటారు?"

ఎస్తేరు కాగితాలు సర్దుకుంది. కిటికీలోంచి కొండ మీద కోట గోడ కనిపిస్తోంది. హంపి పోగొట్టుకున్న రాజులు వచ్చి కూర్చున్న ఊరు ఇది. ఆ కాలంలో దొంగకు చెయ్యీ కాలూ నరికేవాళ్లని గుర్రాలమ్ముకోవడానికొచ్చిన పోర్చుగీసువాడు రాసి పెట్టిపోయినాడు. ఘోరమే. కానీ చెయ్యి ఉన్నవాడు దొంగ కాదని ఆ పూట ఊరంతటికీ తెలిసేది. కుళ్లాయప్పకు రెండు చేతులూ ఉన్నాయి, అయినా లాభం లేకపోయింది.

చివరికి ఉత్తర్వు వచ్చింది. ముద్రలూ ఫొటోలూ నాశనం చెయ్యాలని, చేసినట్టు కోర్టుకు తెలపాలని. ఇంకొన్ని నెలలకు చేసినామని జవాబు కూడా వచ్చింది. ఎస్తేరు సీలు వేసిన నకలు అతని చేతికిచ్చి గట్టిగా చెప్పింది.

"ఇది ఇంట్లో పెట్టెలో పెట్టు. పోలీసోళ్లు ఎవురన్నా పాత కేసు ఎత్తి అడిగితేనే చూపించు. అడగనోనికి చూపియ్యొద్దు. ఇన్యావా అన్నా?"

"ఇన్యామ్మా."

వినడం విన్నాడు. కానీ హిందూపురం బస్టాండు దగ్గర జిరాక్సు అంగట్లో దానికి ప్లాస్టిక్కు అంటించుకున్నాడు, వానకు తడవకుండా. ఇంటికొచ్చి ఈరక్కకు చూపిస్తే ఆమె వెనకా ముందూ తిప్పి చూసింది.

"నా గొర్ల చెవి గుర్తు తీసేదానికి నాకు ఒగ పూట పట్టె. నీ ఏలు గుర్తు తీసేదానికి వాళ్లకు ఇన్నేండ్లు పట్టె. ఏం పనిమంతులో!" అని, "పెట్టెలో పెట్టు" అన్నది.

మొన్నటి ఎండాకాలం మళ్లీ బయల్దేరినారు. పాత చేన్ల వైపు పోలేదు. ధర్మవరం దాటినాక కొత్త దారి పట్టి, తమను ఎరగని పల్లె ఒకటి చూసుకున్నారు. కదిరప్ప అనే రైతు ఎదురొచ్చి పిలిచినాడు.

"యాడోళ్లప్పా? మంద ఆపుతారా? మా చేను మూడేండ్లుగా గొర్రెను చూడలేదు."

"ఆపుతాంలే పెద్దాయనా."

వల కట్టినారు. కదిరప్ప ఇంటినుంచి సంగటీ చెట్నీ వచ్చినాయి. ఈరక్కతో, "ఏమమ్మా, మీది పరిగి పక్క మాట మాదిరి ఉండాదే" అని నవ్వినాడు. ఎన్నో ఏండ్ల తర్వాత ఎవరో తమతో ఊరికే మాట్లాడినట్టు అనిపించింది కుళ్లాయప్పకు. నెల రోజులు ఇక్కడే తిరగొచ్చు, చుట్టూ చేన్లే.

పొద్దు వాలుతుండగా బీటు కానిస్టేబులు వచ్చినాడు. కుర్రవాడు, మర్యాదగా ఉన్నాడు.

"ఏ ఊరన్నా మీది? ఏలు పెట్టన్నా ఒకసారి. మాకు రూలు."

కుళ్లాయప్ప చెయ్యి తువ్వాలుకు తుడుచుకున్నాడు. చూపుడువేలు పెట్టినాడు, బిగబట్టకుండా, వదులుగా. మిషను మీద చిన్న చక్రం తిరిగింది. తిరిగి తిరిగి ఆగింది.

"ఏం రాలేదన్నా. పో, తిను పో" అన్నాడు కానిస్టేబులు.

అక్కడితో ఊరుకోవాల్సింది. బండి తిప్పుకుని ఆయన పోయేవాడు, చీకటి పడేది, గొర్లు నెమరేసుకునేవి. కానీ మనిషి ఎన్నాళ్లు మోసినాడో ఆ బరువు, ఒక్కసారి దిగేసరికి ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేకపోయినాడు. పైగా దాచడం అతనికి చేతకాని పని. దాస్తే తప్పు చేసినట్టు కదా.

"ఎట్లొస్తాది సార్!" అన్నాడు నవ్వుతూ. "కోర్టే తీసేయమని చెప్పింది. చూడండి." చొక్కా లోపల్నుంచి ప్లాస్టిక్కు కాగితం తీసినాడు. అది పెట్టెలో లేదు. ఎప్పుడూ అక్కడ లేదు.

"ఏమయ్యా!" అని వల అవతల్నుంచి కేకేసింది ఈరక్క. అప్పటికే కాగితం కానిస్టేబులు చేతిలో ఉంది.

ఫోను లైటు వేసుకుని చదివినాడు. ఇంగ్లీషులో ఉంది. చదువుతూ చదువుతూ తనకు తాను తెలుగులో చెప్పుకున్నట్టు పైకే అన్నాడు: "గొర్రెల దొంగతనం కేసులో... అరెస్టయిన ముద్దాయి... ఓహో. ముద్రలు నాశనం... బాగుందన్నా, ఇట్లాంటిది నేను ఇదే చూడ్డం."

కదిరప్ప చెంబు పట్టుకుని దగ్గరకొచ్చినాడు. "ఏం కేసు సార్?"

"ఏం లేదులే పెద్దాయనా. కొట్టేసినారు. ఈయప్ప మంచోడే."

"నేనేమన్నా అన్న్యానా సార్?" అన్నాడు కదిరప్ప. చూపు మాత్రం మోటారు షెడ్డు వైపు పోయింది.

కానిస్టేబులుకు నిజంగానే మేలు చేయాలనిపించింది. "అన్నా, ఇది పట్టుకుని నిలబడు. ఫొటో తీసి మా బీటు గ్రూపులో పెడతా, ఈ పక్క ఊర్లోళ్లు కూడా ఉండారు దాన్లో. ఇంగ ఏ బీటోడూ నిన్ను ఆపడు."

కుళ్లాయప్ప కాగితాన్ని ఛాతీకి ఆనించి పట్టుకున్నాడు. అలవాటున అడిగినాడు: "తలగుడ్డ తియ్యాల్నా సార్?"

"అక్కర్లేదన్నా. నువ్వేమన్నా దొంగవా?"

ఫోను ఒకసారి తళుక్కుమంది.

తెల్లారి కదిరప్ప చేను గట్టు మీదనే నిలబడినాడు, లోపలికి రాలేదు. "మా పెద్దోడు చేను దున్నాలంటాండాడప్పా. ఈ పొద్దే."

"వాన ల్యాకనే దున్నుతారా?" అన్నది ఈరక్క.

"ఏమోమ్మా. వాని ఇష్టం." సంగటి గిన్నె అడిగి తీసుకుని పోయినాడు.

వల విప్పినారు. గూటాలు పీకినారు. ఒకే ఒక్క రాత్రి పెంటికలు పడిన చేను ముక్క మిగతా చేను నడుమ నల్లగా, తడిగా కనబడుతోంది. ఈరక్క వలను చుట్టి భుజానికెత్తుకుంది. మంద బాట ఎక్కినాక, "పారెయ్ దాన్ని" అన్నది.

"కోర్టుది మే. సీలుండాది."

"అందుకే పారెయ్యమంటాండా. అంతా తీసేసినారు, ఆ కేసు మాట ఉండేది ఇంగ దాని మీద ఒగదాని మీదనే."

"చింపితే కేసు అయితాదేమో."

ఆమె అతని మొగం కేసి చూసి, కన్నడంలో ఏదో అని, ముందున్న గొర్రెను అదిలించింది.

కుళ్లాయప్ప తువ్వాలుతో ప్లాస్టిక్కు మీది దుమ్ము తుడిచినాడు. సీలు ఉన్న చోట ఇంకోసారి తుడిచి, మడత పడకుండా చొక్కా లోపల పెట్టుకుని, మంద వెనకాల నడిచినాడు. బాట పక్కన ఒక రైతు తన చేనులో నిలబడి వాళ్లనే చూస్తున్నాడు. పిలుస్తాడేమోనని కుళ్లాయప్ప అడుగు నెమ్మది చేసినాడు. ఆ మనిషి జేబులోంచి ఫోను తీసి చూసుకుని, మళ్లీ వీళ్ల వైపు చూసి, ఇంటి దారి పట్టినాడు.